‘పర్లేదు’ అనరాదు

ప్రభుత్వం ‘పర్లేదు’ అనే మాటను నిషేధించినప్పుడు నేను సంతోషించాను. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. లెక్కల్లో జవాబు ఒప్పయినా కావాలి, తప్పయినా కావాలి. పిల్లలు బోర్డు మీద ఏదో గీకి “పర్లేదా సార్?” అని అడిగితే నాకు ఒళ్ళు మండేది. అంచేత ఇది ఎప్పుడో రావలసిన చట్టమని స్టాఫ్ రూములో అందరితోనూ అన్నాను. చట్టం మీద నాకు ఇప్పటికీ గౌరవమే. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మేం నలుగురం. కాకినాడలో ఒకే కాలేజీలో చదువుకుని, నలుగురం ఈ ఊళ్ళోనే ఉండిపోయాం. వీర్రాజు మందుల ఏజెన్సీ నడుపుతాడు. తిండి దగ్గర రాజీ పడడు. మంగతాయారు బ్యాంకులో పనిచేస్తుంది. ఎవరి దగ్గరా మొహమాటపడదు. గవర్రాజుకు కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టిపెట్టే షాపు ఉంది. నన్ను ఈ ముగ్గురూ పేరు పెట్టి పిలవడం మానేసి చాలా కాలమైంది. మేష్టారు అంటారు, అందులో గౌరవం ఏమీ లేదు. శనివారం సాయంత్రం అయితే నలుగురం కలిసి ఏదో ఒక సినిమాకో, హోటలుకో, ఎక్కడైనా పాటకచేరీ ఉంటే దానికో వెళ్ళి తీరాలి. పెళ్ళిళ్ళయినా, పిల్లలు పుట్టినా ఈ అలవాటు తప్పలేదు.

ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడం అప్పట్లో మాకు పెద్ద పని కాదు. “ఆ సినిమా ఎలా ఉందంట?” అని ఒకరంటే, “పర్లేదంట” అని ఇంకొకరనేవారు. అంతే, బయల్దేరేవాళ్ళం. వీర్రాజు నోట్లో ఆ మాట కాస్త సాగి “పర్లే...దు” అని వచ్చిందంటే ఆ హోటల్లో కడుపునిండా తినొచ్చని అర్థం. తాయారు దాన్ని టక్కున తెంపేసిందంటే ఆ ఛాయలకు పోకూడదని అర్థం. నేను తల పక్కకి వాల్చి అంటే సినిమా ఇంటర్వెల్ దాకా బాగుందని, ఆ తరవాత డైరెక్టరుకి ఏదో అయిందని. ఇవన్నీ ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఇక గవర్రాజు పాట సంగతి చెప్పాలి. అతను ఏళ్ళ తరబడి సంగీతం నేర్చుకుంటున్నాడు. షాపులో బాగుచేసిన మోటారును పరీక్ష కోసం తిప్పి వదిలి, దాని మోత మీద శ్రుతి పట్టుకుని సాధన చేస్తాడు. చిన్న మోటారొచ్చిన రోజు ఒక శ్రుతి, పొలం మోటారొచ్చిన రోజు ఇంకో శ్రుతి. మోటారు ఆగిందంటే గొంతు ఎటు పోతుందో అతనికే తెలియదు. కానీ పాడుతున్నప్పుడు అతని మొహం చూస్తే మాకెవరికీ లేచి పోబుద్ధి కాదు. పాడడం అవగానే చేతికున్న నూనె గుడ్డతో తుడుచుకుంటూ “ఎలా ఉందిరా?” అని అడుగుతాడు. “పర్లేదురా” అంటాం ముగ్గురం. మా చెవులకైన నొప్పి, అతని మీద మాకున్న ప్రేమ, వచ్చే వారానికి కాస్త దారిన పడతాడేమోనన్న ఆశ, అన్నీ ఆ మాటలోనే సర్దుకునేవి. అతను దాన్ని పట్టుకుని మళ్ళీ శనివారం దాకా సాధన చేసేవాడు.

అలాంటి గవర్రాజుకు ఊళ్ళోని సంగీత సమాజం వాళ్ళు ఎట్టకేలకు ఒక సాయంత్రం కచేరీ ఇచ్చారు. జీవితంలో మొదటిది. వాళ్ళ హాలుకున్న నీళ్ళ మోటారు ఇతను బాగుచేసి పెడుతుంటాడు, ఆ అభిమానం. అతను కొత్త పంచె కొనుక్కున్నాడు. పక్కవాద్యాలు మాట్లాడుకున్నాడు. సరిగ్గా అప్పుడే చట్టం వచ్చింది.

చట్టం ఎందుకొచ్చిందో పేపర్లో వివరంగా వేశారు. రాజధానిలో ఒక పెద్దాయన, తన బావమరిది “పర్లేదు బావా” అంటే నమ్మి, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఒక సినిమాకు వెళ్ళాడు. ఏం చూశాడో ఏమో, తిరిగొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఒక సంఘాన్ని నియమించాడు. సంఘం వారు జిల్లా జిల్లా తిరిగి ప్రజల్ని విచారించారు. విరిగిన కాలెలా ఉందంటే పర్లేదు అన్నవాడే, భార్య పెట్టిన పులుసు ఎలా ఉందన్నా పర్లేదు అన్నాడు. బస్సులో తన కాలు తొక్కినవాడు క్షమించమంటే వాడితోనూ పర్లేదనే అన్నాడు. “ఒకే పదము నొప్పికి, పులుసుకు, క్షమాపణకు విచక్షణారహితముగా వాడబడుచున్నది. ఇట్టి పరిస్థితి ఎంతమాత్రము కొనసాగరాదు” అని సంఘం తేల్చింది. వెంటనే అభిప్రాయ స్పష్టతా శాఖ అని ఒకటి వెలిసింది. ఇకమీదట సినిమా, సంగీతం, భోజనం ఈ మూడింటి మీదా ‘బాగుంది’, ‘బాగోలేదు’ అన్న రెండే మాటలు చెల్లుతాయి. ‘చూడొచ్చు’, ‘నడుస్తుంది’, ‘ఏదో అలా ఉంది’, ‘నీకు నచ్చొచ్చు’ అన్నవి కూడా నిషిద్ధాలే.

మా ఊరికి ప్రాంతీయ స్పష్టతాధికారిగా గుణాకరరావు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, బొత్తాలన్నీ పెట్టుకుని ఉండే మనిషి. కాఫీ అడిగినా ఉత్తర్వు చదివినట్టే అడుగుతారు.

ఆయన్ని మేం మొదటిసారి చూసింది సినిమా హాలు దగ్గర. ఆట వదిలాక బయటికి పోయే గేటు సగం మూసి, అడ్డంగా బల్ల వేసుకుని కూర్చున్నారు. అభిప్రాయం చెప్పినవాళ్ళనే బయటికి వదులుతున్నారు. మా ముందున్నాయన చాలాసేపు నసిగాడు.

“ఫైట్లు బాగున్నాయండి. కథే...”

“మొత్తము మీద?”

“మొత్తం మీదంటే, అదేనండి, ఫైట్లు...”

“వీరిని ఆలోచనా ప్రాంగణమునకు తరలింపుడు,” అన్నారు గుణాకరరావు గారు. ఆలోచనా ప్రాంగణమంటే సైకిల్ స్టాండు. అప్పటికే అక్కడ చాలామంది నిలబడి ఆలోచిస్తున్నారు. ఆ వెనక చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ తనకు బాగుందని చెప్పి కదలబోయింది.

“శిశువు అభిప్రాయము?” అన్నారు అధికారి.

“పసిదండీ, దానికేం తెలుస్తది?”

“నవ్వినదా, ఏడ్చినదా?”

“నిద్రపోయిందండి.”

గుణాకరరావు గారు కాసేపు తటపటాయించి, నిద్రను ‘బాగోలేదు’ కింద రాసుకున్నారు. ఆ పసిపిల్ల వెనకే వీర్రాజు వెళ్ళాడు.

“బాగుందండి బాబూ. ఎల్లనివ్వండి, ఆకలేత్తంది,” అన్నాడు.

“సంతోషము. బాగున్నచో మరల చూచుటకు తమకు అభ్యంతరము ఉండరాదు గదా?”

వీర్రాజుకు అర్థం కాలేదు. “మళ్ళీనా? ఎప్పుడండీ?”

“ఇప్పుడే. అభిప్రాయము చెప్పినంతనే చాలదు, నిరూపణ కావలెను. బాగున్నదని పలికినవారు తరువాతి ఆటకు హాజరు కావలసి యున్నది.”

వీర్రాజును భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. అది చూసి తాయారూ నేనూ బాగోలేదని చెప్పి బయటపడ్డాం. గవర్రాజుకూ సినిమా నచ్చలేదు, ఆ సంగతి మాకు తెలుసు. కానీ అతను “బాగుందండి” అన్నాడు. ఎందుకలా అన్నావురా అని మర్నాడు అడిగితే, “వాడొక్కడే కూర్చుంటాడు కదరా, పాపం” అన్నాడు.

ఆ పై శనివారం జాగ్రత్తపడ్డాం. భోజనం హోటలుకు వెళ్ళాం. ఏం తిన్నా బాగోలేదనే చెప్పాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే వీర్రాజు సంగతి మాకు తెలుసు, ‘బాగుంది’ అన్నాడంటే రెండో భోజనం కూడా నిరూపించేస్తాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి గుణాకరరావు గారు కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని ఉన్నారు.

“బాగోలేదండి,” అంది తాయారు ఆయన అడగకముందే.

ఆయన తాయారు ఆకు తెప్పించుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వంగి చూశారు. తరవాత ఒక మునక్కాడ పిప్పిని కాగితంతో పట్టుకుని పైకి లేపారు.

“ఈ మునక్కాడ మిక్కిలి శ్రద్ధగా నమలబడి యున్నది. గుజ్జు లేశమైనను మిగులలేదు. బాగోలేని పులుసులోని మునక్కాడను ఎవరైనను ఇట్లు నములుదురా?”

“అలవాటండి,” అంది తాయారు.

హోటలాయన కౌంటరు దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అతని మొహం చిన్నబోయింది. “అదేంటమ్మా, పులుసు రెండుసార్లు ఏయించుకున్నారు కదండీ. నేనే వడ్డించాను. ఆయ్.”

“బాగోలేనిచో మధ్యలోనే లేవవలెను. లేవకపోవుట అసత్యాభిప్రాయమగును,” అని చెప్పి గుణాకరరావు గారు తాయారును ఆదివారం శిక్షణా తరగతికి పంపారు. వచ్చాక తాయారు చెప్పింది. అక్కడ ఒక్కొక్కరి చేతికీ ఇడ్లీ ముక్క ఇచ్చి అభిప్రాయం అడుగుతారట. ఎవరైనా “అంటే...” అని మొదలుపెడితే గంట కొడతారట. రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన ఒకాయన పొద్దుటి నుంచీ ‘అంటే’ దాటలేకపోయాడట. ఉద్యోగమంతా ఆ మాట మీదే చేశానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

కొద్దివారాల్లోనే ఊరు స్పష్టంగా తయారైంది. బాగోలేదని చెప్పదలుచుకున్నవాళ్ళు సగంలో లేచి రావడం మొదలుపెట్టారు. సినిమా హాళ్ళు ఇంటర్వెల్‌కి ఖాళీ అయ్యేవి. పెళ్ళిభోజనాల్లో పప్పు దగ్గరే జనం లేచిపోయేవారు, పెరుగుదాకా వచ్చేవాళ్ళు మగపెళ్ళివారొక్కరే. బస్టాండులో ఒకడు ఇంకొకడి కాలు తొక్కి సారీ చెబితే, తొక్కించుకున్నవాడు పర్లేదనడానికి భయపడి “నొప్పిగా ఉంది” అన్నాడు. దాని మీద ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. గుణాకరరావు గారు కాలు తొక్కుట విభాగానికి అదనపు సిబ్బంది కావాలని పైకి రాశారు. ప్రజల్లో నిర్ణయశక్తి గణనీయముగా పెరిగినదని శాఖ ప్రకటించింది.

అంతటితో ఆగలేదు. అస్పష్టత అభిప్రాయంలో కాదు, అసలు బయల్దేరడంలోనే పుడుతోందని శాఖవారు కనిపెట్టారు. “ఎక్కడికెళ్దాం?” అన్నదానికి “నీ ఇష్టం” అని జవాబు చెప్పడం నేరమైంది. “ఎక్కడికైనా సరే” అనడం పునరావృత నేరం. కలిసి వెళ్ళినవాళ్ళంతా ఒకే అభిప్రాయం చెప్పాలని, స్నేహితుల్లో ఒకరికి బాగుండి ఇంకొకరికి బాగోలేకపోతే దాన్ని సామూహిక అస్పష్టతగా పరిగణిస్తామని కూడా ఉత్తర్వు వచ్చింది. మేం నలుగురం కలిసి బయటికి వెళ్ళడం మానేశాం. శనివారాలు గవర్రాజు షాపులో స్టూళ్ళ మీద కూర్చునేవాళ్ళం. ఏం మాట్లాడాలన్నా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. నాకు చాలా బెంగగా ఉండేది.

అలా కూర్చున్న ఒక శనివారం వీర్రాజు అసలు సంగతి ఎత్తాడు.

“ఒరేయ్ గవర్రాజూ, నీ కచేరీకి ఆయనొత్తాడంటావా?”

“వస్తానని కబురు పంపారు. ముందు వరసలో కుర్చీ వేయించమన్నారు.”

“పోనీ, వాయిదా ఏసేయరా. జొరమొచ్చిందని చెప్పేద్దాం. సర్టిఫికెట్టు నేను తెత్తాను.”

గవర్రాజు తీగ చుడుతున్న చెయ్యి ఆపాడు. “లేదురా. ఇది పోతే మళ్ళీ ఎవరిస్తారు? ఎన్నాళ్ళ నుంచో మిమ్మల్నే అడుగుతున్నాను, మీరు పర్లేదనే అంటున్నారు. ఆ పర్లేదు ఎటువైపుదో నేనూ తెలుసుకోవాలి కదా. మీరు ముగ్గురూ నిజం చెప్పండి. బాగోలేదంటే ఆ రోజుతో మానేస్తాను. ఒట్టు. ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.”

“ఇబ్బందేంట్రా?” అంది తాయారు.

“మీ మొహాలు నాకు కనపడవా తాయారూ?”

ఆ మాటకు ముగ్గురం తలొంచుకున్నాం. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో వీర్రాజు, “బాగోలేదన్నావనుకో, ఆడు చచ్చినంత పనవుద్ది. బాగుందన్నావనుకో, మళ్ళీ ఇనాలి,” అన్నాడు. లెక్కల మేష్టార్ని కాబట్టి దీనికి మూడో జవాబేదైనా ఉందేమోనని రాత్రంతా ఆలోచించాను. ఉన్న ఒక్కటీ నిషేధంలో ఉంది.

కచేరీ రోజు హాలు నిండింది. గవర్రాజు బంధువులు, మోటార్లు బాగుచేయించుకున్న రైతులు, సంగీత సమాజం పెద్దలు అందరూ వచ్చారు. గుణాకరరావు గారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. గవర్రాజు కొత్త పంచె సర్దుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. మొదటి పాట సగం దాకా ఓ మాదిరిగా నడిచింది. వెనక ఎక్కడో నీళ్ళ మోటారు తిరుగుతోంది, ఆ ధైర్యం. ట్యాంకు నిండి ఎవరో దాన్ని ఆపేశారు. అక్కడి నుంచి పాట ఒక పక్కకీ, వయొలిన్ ఒక పక్కకీ పోయాయి. మృదంగం ఆయన ఇద్దరికీ మధ్య చాలాసేపు వెతికాడు.

జనం లేవడం మొదలైంది. ఎవరూ అమర్యాదగా లేవలేదు. రైతుల్లో ఒకాయన వేదిక ముందుకొచ్చి, “ఏమనుకోకండి గవర్రాజు గారూ, మజ్జిలో లేత్తేగానీ చెల్లదంట,” అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. బంధువులు కళ్ళతోనే క్షమించమని అడిగి పోయారు. సమాజం పెద్దలు గుంపుగా పోయారు. గవర్రాజు కళ్ళు మూసుకునే పాడుతున్నాడు, కానీ కుర్చీల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది కదా. పాట పూర్తయి కళ్ళు తెరిచేసరికి హాల్లో మేం ముగ్గురం, గుణాకరరావు గారు, పక్కవాద్యాలవాళ్ళు మిగిలాం.

గుణాకరరావు గారు లేచి మా వైపు తిరిగారు. “మీరు ఆఖరి వరకు కూర్చుంటిరి. తమ సామూహిక అభిప్రాయము?”

వీర్రాజు నా వైపు చూశాడు. నేను తాయారు వైపు చూశాను. తాయారు లేచి నిలబడింది.

“బాగుంది,” అంది.

“బాగుందండి,” అన్నాడు వీర్రాజు.

నేనూ అదే అన్నాను. వేదిక మీద గవర్రాజు మొహంలో ఏముందో చూడలేకపోయాను.

“నిరూపణకై పాట మరల పాడబడవలెను,” అన్నారు గుణాకరరావు గారు, కూర్చుంటూ.

గవర్రాజు మళ్ళీ పాడాడు. మొదటిసారి కంటే కష్టంగా నడిచింది. అభిప్రాయం అడిగారు. బాగుందన్నాం. మళ్ళీ పాడాడు. వయొలిన్ ఆయన బస్సు టైమైందని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ బాగుందన్నాం. మృదంగం ఆయన కూడా లేచాడు. గవర్రాజు గొంతు బొంగురుపోయింది. వీర్రాజుకు షుగరుంది, టైముకి తినకపోతే చేతులు వణుకుతాయి. ఆ వణికే చేతులతోనే తాళం వేస్తున్నాడు. తాయారు ఇంటి నుంచి ఫోన్లు వస్తున్నాయి, కట్ చేస్తోంది. నేను చట్టం గురించి ఆలోచించడం మానేశాను. మా ముగ్గురికీ ఆ రోజు ఒకటే పంతం, వాడు పాడినంతసేపూ బాగుందనే అంటాం, ఏం చేసుకుంటారో చేసుకోండని.

గవర్రాజు మధ్యలో ఆపేశాడు. మైకు పక్కకు తోసి గుణాకరరావు గారి వైపు చూశాడు.

“అయ్యా, నన్ను అడగరా?”

“ఏమి అడుగవలెను?”

“నా అభిప్రాయం. నేనూ ఇక్కడే ఉన్నాను కదండీ, అన్నిసార్లూ నేనూ విన్నాను.”

గుణాకరరావు గారు నిబంధనల పుస్తకం తీసి తిరగేశారు. ‘హాజరైన ప్రతి వ్యక్తియు’ అని ఉంది. పాడేవాణ్ణి మినహాయించాలని ఎక్కడా లేదు. “అట్లయిన చెప్పుడు,” అన్నారు.

“బాగోలేదండి.”

గుణాకరరావు గారికి ఇలాంటిది ఎప్పుడూ ఎదురుకాలేదనుకుంటాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“బాగోలేదని ఎప్పుడు తెలిసినది?”

“చాలాకాలం నుంచీ తెలుసండి.”

“తెలిసినచో మధ్యలో ఏల లేవలేదు?”

“నేను లేస్తే వీళ్ళు ఎవర్ని వింటారండీ?” అన్నాడు గవర్రాజు. “వీళ్ళు నా కోసం కూర్చున్నారు. నేను వీళ్ళ కోసం పాడాను. పాటదేం తప్పులేదండి, నా గొంతుదే. వాళ్ళను వదిలేయండి. వీర్రాజు అన్నం తినాలి.”

వీర్రాజు “నాకాకలెయ్యట్లేదు” అన్నాడు. అన్నాడేగానీ కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏడుపు ఏ అభిప్రాయము కిందికి వచ్చునో నిబంధనలలో లేదు,” అన్నారు గుణాకరరావు గారు మెల్లగా. ఆయన అభిప్రాయం ఏమిటో మేం అడగలేదు. స్పష్టతాధికారులకు సొంత అభిప్రాయం ఉండకూడదని చట్టం.

ఆ మర్నాటికే మాకు తాఖీదు వచ్చింది. వినినవారు ముగ్గురు బాగున్నదనియు, పాడినవారు బాగోలేదనియు స్పష్టముగా చెప్పినందున వ్యక్తిగతముగా ఎవరియందును దోషము లేదు. కాని సమూహమునందు ఏకాభిప్రాయము కొరవడినది. కావున ఏకాభిప్రాయము కుదురు వరకు ఈ నలుగురు ప్రతి శనివారము అధికారి సమక్షమున సమావేశమై, పాడువారు పాడవలెను, వినువారు వినవలెను. ముగ్గురు బాగోలేదన్ననాడు గాని, పాడినవారు బాగున్నదన్ననాడు గాని ఈ ఉత్తర్వు రద్దగును.

అలా గవర్రాజుకు ప్రభుత్వం తరఫున శ్రోతలు ఏర్పడ్డారు. శనివారం సాయంత్రం అతని షాపు షట్టరు సగం దించి కూర్చుంటాం. గుణాకరరావు గారు గోడవారన స్టూలు మీద కూర్చుంటారు. మొదట్లో నీళ్ళు కూడా ముట్టేవారు కాదు. తరవాత వీర్రాజు తెచ్చే పకోడీ పొట్లం వైపు చూడడం, కొన్నాళ్ళకు నిరూపణ నిమిత్తమని ఒకటీ అరా తీసుకోవడం మొదలుపెట్టారు. పాట అవగానే మమ్మల్ని అడుగుతారు. బాగుందంటాం. గవర్రాజును అడుగుతారు. బాగోలేదంటాడు. ఏకాభిప్రాయము కుదరలేదని రాసుకుని వెళ్ళిపోతారు. బ్యాంకులో తోటివాళ్ళు తాయారును అడుగుతారట, ముగ్గురూ ఒక్కసారి బాగోలేదంటే అయిపోతుంది కదా అని. “చట్టప్రకారం అబద్ధం చెప్పకూడదండి,” అంటుందట.

వారం వారం అలా పాడుతూ ఉంటే, తప్పనిసరిగా వినేవాళ్ళు ఎదురుగా ఉంటే, ఎవరికైనా ఏదో ఒకటి పట్టుబడుతుంది కాబోలు. మొన్న శనివారం గుణాకరరావు గారు పొరుగూళ్ళో ఉండే భార్యను కూడా తీసుకొచ్చారు. విచారణలో పారదర్శకత కోసమని చెప్పారు. గవర్రాజు పాడాడు. ఎక్కడా పట్టు తప్పలేదు. చివర్లో గొంతు దించి నెమ్మదిగా ఆపాడు. తాయారు పమిట చెంగుతో కళ్ళద్దుకుంది. నాకు గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ మేం చెబుతూ వచ్చిన మాట ఆ రోజు నిజమైంది.

“అభిప్రాయము?” అన్నారు గుణాకరరావు గారు. ఆయన గొంతు కూడా అంత ధాటిగా లేదు.

బాగుందన్నాం ముగ్గురం. ఆయన గవర్రాజు వైపు తిరిగారు. గవర్రాజుకు తెలుసు, పాట బాగా కుదిరిందని. మొహమంతా వెలిగిపోతోంది. ఒక్కమాట అంటే చాలు, వచ్చే శనివారం నుంచి ఎవరి ఇళ్ళకు వాళ్ళం. అతను తాయారును చూశాడు, వీర్రాజును చూశాడు, నన్ను చూశాడు. స్టూలు మీది నుంచి లేవకుండా ఇంకా వింటున్నట్టే కూర్చున్న గుణాకరరావు గారి భార్యను కూడా చూశాడు.

“బాగోలేదండి,” అన్నాడు.

గుణాకరరావు గారు అతని మొహంలోకి కాసేపు చూశారు. నిరూపణ అడగలేదు. పెన్ను మూత పెట్టుకుని జేబులో పెట్టుకున్నారు.

“సరే అయితే. వచ్చే శనివారం కాస్త పెందరాళే మొదలెడదాం అండీ,” అన్నారు. “మా ఆవిడ బస్సు పట్టుకోవాలి.”